కంటికందని గింజల లెక్క

అంగడిలో ఆవాలు కొనునపుడు మనం గింజలు లెక్కపెట్టము, తూకం వేయించుకొంటాము. ఒక్క గింజ బరువు తెలిసినచో ఆ తూకమే లెక్క అవుతుంది. రసాయనశాస్త్రం అణువులను లెక్కించే ఉపాయమూ ఇదే. కాని కంటికి కానరాని గింజ బరువు తెలిసేది ఎట్లా? సమాధానానికి సుమారు నూరేండ్లు పట్టినది.

బరువులో ఒక పాలు ఉదజనితో ఎనిమిది పాళ్ళు ఆమ్లజని కలిసి నీరవుతుంది. నీటిలో ఈ రెండింటి పరమాణువులు ఒక్కొక్కటి చొప్పున ఉన్నవని ఇంగ్లండులో డాల్టన్ తలచినాడు. అట్లయితే ఆమ్లజని పరమాణువు బరువు ఉదజని పరమాణువుకు ఎనిమిది రెట్లు. ఉదజనివి రెండైనచో పదహారు రెట్లు. ఏది నిజం?

ట్యూరిన్ నగరంలో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, విజ్ఞానంవైపు మళ్ళిన అవొగాడ్రో 1811లో మార్గం చూపినాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణంగల వాయువులలో అణువుల సంఖ్య సమానమని అతని ఊహ. నీటికి రెండు పాత్రల ఉదజని, ఒక పాత్ర ఆమ్లజని కావలెను గనుక పదహారు రెట్లే సరియైనదని తేలినది. ఈ వాయువుల అణువులలో పరమాణువులు జంటగా ఉన్నవనికూడా అతడు చెప్పినాడు. ఒకే జాతి పరమాణువులు జతకూడునా అని పండితులు శంకించినారు. ఆ ఊహ మూలపడినది.

1856లో అవొగాడ్రో మరణించినాడు. నాలుగేండ్లకు, 1860 సెప్టెంబరులో, జర్మనీలోని కార్ల్స్‌రూహేలో రసాయనశాస్త్రజ్ఞులు సమావేశమైనారు. ఇటలీ పండితుడు కానిజారో అవొగాడ్రో పక్షాన వాదించినాడు. అతని చిన్న పుస్తకం అక్కడివారికి పంచిపెట్టబడినది. అది చదివినవారికి పరమాణుభారాల చిక్కు విడిపోయినది.

అణుభారం ఎంతో అన్ని గ్రాముల పదార్థానికి జర్మన్ పండితుడు ఆస్ట్‌వాల్డ్ ‘మోల్’ అని పేరు పెట్టినాడు. చిత్రమేమనగా, పరమాణువులున్నవని అతడే చాలకాలం నమ్మలేదు! ఫ్రాన్సులో పెరాన్ నీటిలో తేలాడే సన్నని జిగురు రేణువులను సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటిగా లెక్కించి, దానినిబట్టి మోల్‌లోని అణువుల సంఖ్యను గణించినాడు. 1909లో దానికి అవొగాడ్రో పేరు పెట్టినాడు. ఆ ఏడే ఆస్ట్‌వాల్డ్ తన అభిప్రాయం మార్చుకొన్నట్లు ప్రకటించినాడు.

2019 మే 20 నుండి ఆ సంఖ్య శాసనంగా స్థిరపడినది: 6.02214076ను పది యొక్క 23వ ఘాతంతో గుణించినంత. మూడు నాలుగు చెంచాల నీటిలో, అనగా 18 గ్రాములలో, దాదాపు అన్ని అణువులున్నవి. అది ఎంతో ఎరుగకయే కన్నుమూసిన అవొగాడ్రో పేరనే నేటికీ మనం దానిని పిలుచుకొంటున్నాము.