అంబాసిడర్ కింద నూనె చుక్క

ఆ మొద్దు కాస్త లోపలికి తోయండ్రా, మంట అందుకుంటది. ముక్కోటి దగ్గరకొస్తుందంటే మన అడవి పక్క చలి ఎముకల్లోకి దిగుద్ది.

భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది. అంతకుముందు రాములోరి దర్శనం కావాలంటే ఇవతలి ఒడ్డున దిగి పడవెక్కాల్సిందే. వంతెన పడ్డాక కొత్తగూడెంలో ట్యాక్సీలకు గిరాకీ పెరిగింది. అక్కడి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు గానీ, రైలు దిగినోళ్లకు గుడి ఇంకా నలభై కిలోమీటర్ల దూరం. పాల్వంచ దాటితే అప్పట్లో చాలామటుకు అడవే. దారిలో షెడ్డు లేదు, ఫోను లేదు. బండి ఆగిందంటే ఆగిందే. అందుకే మా తరం డ్రైవర్లు సగం మెకానిక్కులు.

నా బండి అంబాసిడర్. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఇంగ్లండు బీఎంసీ వాళ్ల నమూనా. మొండి ఇంజిన్, ప్రాణం పోయినా పరుగు ఆపదు. కాకపోతే నూనె కారుస్తది. పొద్దున్నే బండి తీస్తే కింద నల్లటి మరక. కొత్త డ్రైవర్లు ఆ మరక చూసి ఇంజిన్ అడుగున నూనె ఉండే చాంబర్ కారుతుందని తీర్మానించి, పానా పట్టుకుని చాంబర్ బోల్టులన్నీ బిగించేవాళ్లు. నూనె ఎక్కడో పైన పుట్టి, ఇంజిన్ ఒంటి మీదుగా జారి, అన్నిటికన్నా కిందున్న చోట చుక్క కడుతుంది. చుక్క పడ్డ చోట జబ్బు ఉండాలని ఎక్కడుంది?

నాకు పని నేర్పిన సాయబు ముందు బండినంతా కడిగించేవాడు. కిరసనాయిలు, పాత బ్రష్షు, వేస్టు గుడ్డ. జిడ్డు పోయి ఇనుము కనిపించేదాకా వదిలేవాడు కాదు. ఆరాక పిల్లలకు పూసే పౌడరు తెచ్చి, ఇంజిన్ పక్కలంతా పలచగా చల్లేవాడు. తర్వాత స్టార్ట్ చేసి, వేడెక్కాక టార్చి వేసి చూడమనేవాడు. తెల్లటి పౌడరులో ఒక్కచోట తడి చుక్క లేస్తది, చూస్తుండగానే సన్నటి గీతై కిందికి దిగుద్ది. ఆ గీత పట్టుకుని పైకి పోతే దొంగ దొరికినట్టే.

ఆ ఇంజిన్‌కు మానిఫోల్డ్ కింద పక్కన రెండు రేకు మూతలుంటయ్, ఒక్కోదానికి మధ్యలో ఒకే బోల్టు. పైన టాపెట్ కవర్‌కు రెండు నట్లు. వీటన్నిటి కింద కార్కు ప్యాకింగే. కారుతుందని ఇంకా బిగిస్తే రేకు వంగుద్ది, కార్కు పగులుద్ది, కారేది రెట్టింపవుద్ది. మూత విప్పి, బల్ల మీద బోర్లించి, వంగిన అంచును చిన్న సుత్తితో సరిచేసి, పాత కార్కు గీకేసి కొత్తది వేయాలి. దుకాణంలో ఏళ్లతరబడి ఎండిన కార్కు కుంచించుకుపోయి ఉంటది, మూతకు సరిపోదు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానేస్తే మళ్లీ తన కొలతకు వస్తది. డ్రైన్ నట్టు కింద రాగి వాషర్ గట్టిపడితే దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుద్ది, మళ్లీ పట్టు దొరుకుద్ది.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకొచ్చింది. నీళ్లు తీసినాక బురదలో కూరుకున్న బండ్లు బాగుచేశాం. డ్రైన్ నట్టు వదులు చేస్తే ముందు నీళ్లు, వాటి వెనక నూనె. నీళ్లు బరువు కదా, అడుగున కూర్చుంటయ్. తడిసిన కార్కు ఎండల్లో ముడుచుకుపోయి, స్టార్టైన బండి స్టార్టైనట్టే కారడం మొదలుపెట్టింది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బ్రీదర్ పైపు. పక్క మూతల్లో ఒకదానికి ఉంటది. ఇంజిన్ లోపలి పొగ, గాలి దాన్లోంచి బయటికి పోవాలి. మడ్డి పట్టి అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎన్ని కొత్త ప్యాకింగులేసినా వాటి సందుల్లోంచి నూనెను బయటికి నెడుతుంది. పైపు విప్పి కిరసనాయిలు పోసి ఊదితే చాలు, కొన్ని బండ్లకు అదొక్కటే వైద్యం.

క్రాంకు షాఫ్టు వెనక కొస సంగతి వేరు. ఇప్పటి బండ్లలోలాగ అక్కడ రబ్బరు సీలు లేదు. షాఫ్టుకు మర గాడి చెక్కి ఉంటది, తిరిగినంతసేపు అది నూనెను లోపలికి తోస్తది. ఇంజిన్ ఆగితే ఒకటి రెండు చుక్కలు రాలుతయ్. వాటికి భయపడొద్దు. ధారగా కారి క్లచ్చు ప్లేటుకు అంటితే మాత్రం చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటెక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తది, బండి కదలదు. అది ఇంజిన్ దింపాల్సిన పని, ఇంటి ముందు పెట్టుకోవద్దు.

ఇంకోటి, ఇది గట్టిగా వినండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. మేం చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఫ్రేము కింద టేకు దుంగలు సర్ది, బండిని నాలుగుసార్లు ఊపి చూసిగానీ పడుకునేవాళ్లం కాదు. తీసిన నల్ల నూనె ఒక్క చుక్క కూడా బావివైపు, వాగువైపు పోనిచ్చేవాళ్లం కాదు. డబ్బాలో పట్టి ఉంచితే చుట్టుపక్కల గూడేలవాళ్లు అడిగి తీసుకెళ్లి, చెద పట్టకుండా ఇంటి వాసాలకు పూసుకునేవాళ్లు.