ఉచితగ్రంథము - వర్తకవృద్ధి

వర్తకుడు తన సరకులో కొంతభాగమును వెల గొనక పంచిపెట్టి దాని గుణమును జనులకు తెలుపుట లోకమున పరిపాటియే. 1893వ సంవత్సరమున బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని సంగీతసభలలో ఉచితముగా పంచి ప్రచారము గావించిరని ప్రసిద్ధి. అట్టి చోట్ల ఇచ్చునదియు అమ్మునదియు నొక్కటియే. ఇచ్చునది యొకటియు అమ్మునది వేఱొకటియు నగుట మఱొక విధము. ఫ్రాన్సుదేశమున బండ్లకు టైర్లు చేయువారు శ్రమకోర్చి యొక గ్రంథమును కూర్చి, అచ్చొత్తించి, వెల లేక పంచిపెట్టిన వృత్తాంతము ఈ రెండవ విధమునకు చక్కని నిదర్శనము.

ఫ్రాన్సు నడిమిభాగమునందలి క్లెర్మాన్-ఫెరాన్ పట్టణమున ఆంద్రే మిషెలిన్ (1853-1931), ఎదువార్ మిషెలిన్ (1859-1940) అను సోదరులు 1889లో తమ పేర రబ్బరువర్తకమును స్థాపించిరి. 1891లో వారు సులువుగా విప్పి బిగింపదగిన సైకిలు టైరును నిర్మించిరి. ఆ యేటనే పారిస్ నుండి బ్రెస్త్ వఱకు పోయి మరల వచ్చు పందెమున ఆ టైర్లతో షార్ల్ తెరోన్ గెలుపొందుటచే వారికి ఖ్యాతి కలిగెను. 1895లో మోటారుబండికి గాలిటైర్లను తొడిగి పారిస్-బోర్దో పందెమున తామే నడపిరి.

పిమ్మట 1900 ఆగస్టులో మిషెలిన్ మార్గదర్శిని వెలువడెను. అచ్చయిన ప్రతులు సుమారు 35,000. ఆనాడు ఫ్రాన్సునందలి మోటారుబండ్లు 3,000 లోపేయని యా సంస్థవారి లెక్క. బండి యొకటికి పది ప్రతులకు పైగా నచ్చొత్తించి ఊరక యిచ్చుట పైకి వ్యర్థవ్యయముగా తోచును. కాని గ్రంథవిషయమును పరిశీలించినచో నందలి యుక్తి తెలియగలదు. టైరును విప్పి బిగించు విధానము, పెట్రోలు దొరకు తావులు, బండ్లను బాగుచేయు పనివారి యునికి, బసకును భోజనమునకును తగిన హోటళ్లు, తపాలా తంతి సౌకర్యములు, పట్టణముల పటములు అందు క్రమముగా గూర్పబడినవి. బండి నడువనిదే టైరు అరుగదు. టైరు అరుగనిదే క్రొత్తది అమ్ముడుపోదు. దారియు బసయు నెఱుగని యజమాని దూరప్రయాణమునకు సాహసింపడు. కావున ఆ సోదరులు పంచినది భయనివృత్తి, అమ్మినది టైరు.

అట్టి గ్రంథమునకు సత్యమే ప్రాణము. ఉన్నదని చెప్పిన పెట్రోలు దొరకనిచో, ప్రయాణికుడు నడిదారిని నిలిచి గ్రంథకర్తనేకాక టైరును గూడ నిందించును. ఈ సంగతి నెఱిగియే కాబోలు, వారు తొలికూర్పు పీఠికయందే తప్పులను తెలుపుడని చదువరులను వేడిరి. భోజనముగాని గదిగాని పరిచర్యగాని బాగులేదని ఫిర్యాదు వచ్చిన హోటళ్లను నిర్దాక్షిణ్యముగా తొలగింతుమని మాటయిచ్చిరి. దానము స్వార్థమూలకమే యైనను, ఆ స్వార్థమే సత్యమును కాపాడుటకు కారణమయ్యెను.

దానము గ్రంథముతో ముగియలేదు. 1908లో నెలకొల్పిన కార్యాలయమువారు, కోరినవారికి ప్రయాణమార్గములను ఉచితముగా వ్రాసి పంపుచుండిరి. రహదారులకు సంఖ్యలు వేసి రాళ్లపై చూపవలెనని 1912లో ప్రభుత్వమునకు పెద్ద విన్నపము నంపిరి.

గ్రంథమునకు 1920లో 7 ఫ్రాంకుల వెల యేర్పడెను. దీనినిగుఱించి సంస్థలో పరంపరగా చెప్పుకొను కథ యొకటి గలదు. ఆంద్రే మిషెలిన్ ఒకనాడు టైర్ల దుకాణమునకు బోగా, తమ గ్రంథప్రతులు పనిబల్లకు ఎత్తుగా పెట్టబడి యుండెనట. వెలయిచ్చి కొన్నదానినే జనులు గౌరవింతురని యాతడు అంతట నిశ్చయించెనట. కథ రమ్యముగా నున్నది, అసంభవమును గాదు. కాని యంత మార్పునకు ఆ యొక్క కారణమే చాలదు. 1914 నాటికే ఫ్రాన్సులో మోటారుబండ్లు ఇంచుమించు లక్షకు పెరిగినవి. తొలిప్రయాణమునకు జనులను పురికొల్పు నావశ్యకత తగ్గెను. మొదటి ప్రపంచయుద్ధము ప్రచురణకు విఘ్నము గలిగించెను; తదనంతరము ఫ్రాంకు విలువ పడిపోయి ధరలు హెచ్చెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇరువదియేండ్ల యుచితప్రచారమువలన గ్రంథమునకు సొంతమైన ప్రతిష్ఠ కలిగెను. ప్రతిష్ఠ లేనినాడు వెల పెట్టియుండినచో కొనువారుండరు. కావున బల్లకథ వెల పెట్టుటకు నిమిత్తమాత్రమే. వెల నిలుచుటకు కారణము పూర్వదానమే.

వెలతోపాటు మఱొక మార్పు గలిగెను. ధనమిచ్చి వేయించుకొను ప్రకటనలు 1920లో తొలగింపబడెను. 1926లో మంచి భోజనశాలలకు నక్షత్రపు గుఱుతు పెట్టిరి. 1931లో ఒకటి, రెండు, మూడు నక్షత్రముల తారతమ్యము నేర్పఱచిరి. 1936లో వాని యర్థమును ప్రకటించిరి. మూడు నక్షత్రములది ప్రత్యేకప్రయాణమునకు తగినది. రెండు గలది దారి మళ్లి పోదగినది. రుచిని సైతము ప్రయాణదూరముచేతనే కొలుచు ఈ పరిభాషయందు టైరువర్తకుని తొలిసంకల్పము స్పష్టముగా గానవచ్చును.

ఈ గ్రంథమున కనుకోని ప్రయోజనము 1944లో కలిగెను. నార్మండీలో దిగిన మిత్రసేనల యుపయోగార్థము 1939 నాటి కూర్పు వాషింగ్టనులో పునర్ముద్రింపబడెను. అందలి పట్టణపటముల నిష్కర్షయే దానికి కారణము. టైర్లకొఱకు కూర్చిన పటములు సేనలకు దారిచూపెను.

విద్యాదానమునకు మన పెద్దలు పుణ్యమును ఫలముగా జెప్పిరి. మిషెలిన్ సోదరు లాశించిన ఫలము లాభము. ఫలభేదమున్నను, దత్తవస్తువు సత్యమైనచో గ్రహీతకు మేలు కలుగుట రెండింటను సమానమే. చరిత్రపరిశోధకున కిందొక హెచ్చరికయు గలదు. ఊరక వచ్చినదని నాడు నిర్లక్ష్యము చేయబడిన 1900 నాటి ప్రతులు నేడు మిక్కిలి యరుదై, వేలములలో గొప్పవెలకు పోవుచున్నవి. వర్తకులు పంచు పంచాంగములు, పట్టికలు, కరపత్రములు మన గ్రంథాలయములలో తఱచుగా చోటు నోచుకొనవు. ఒకకాలపు దారులు, ధరలు, భోజనము, భయములు ఎట్టివో మహాగ్రంథములు చెప్పనిచోట ఇట్టి యుచితపత్రములే చెప్పగలవు. వానిని భద్రపఱచుట పరిశోధకసంఘములకు విధి.