దాలి కాడి నుంచి డెయిరీ దాకా

పచ్చిపాలు మంచివా, కాచినవా అని పట్నంల మా మనవరాలు వాదిస్తుంటే నాకు నవ్వొస్తది. దేవరకొండ దిక్కు మా ఊర్లె ఆ తగువే లేకుండె. పచ్చివి తాగింది ఒక్క గుమ్మపాలే. బర్రె పక్కన కూసున్న పిల్లగానికి చెంబుల నురుగుతోని ఇచ్చేటోళ్లు. మిగిలినవన్నీ దాలికే.

దాలి అంటే గుంటల పిడకల నిప్పు. మా నాయినమ్మ పొద్దుగాల కుండల పాలు పోసి పెడితే పొద్దుమూకేదాక సన్నగ కాగేవి. ఎర్రటి మీగడ, పొగవాసన. రాత్రి తోడు, తెల్లారి కవ్వం. నెయ్యి అమ్మేది, చల్ల ఊరికే పోసేది. పాలమ్ముడంటే మాత్రం ఆమెకు నామోషీ.

ఇగ డెయిరీ కాచుడు సంగతి. ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ 1860లల్ల వేడిచేసి చూసింది ద్రాక్షసారాను. పాలకు ఆ పద్ధతి తర్వాత వచ్చింది. ఇప్పుడు డెయిరీల 72 డిగ్రీల మీద 15 సెకండ్లు కాచి, వెంటనే చల్లారుస్తరు. క్షయ, బ్రూసెల్లా క్రిములు చస్తయి. అన్నీ చావవు, అందుకే ప్యాకెట్‌ను చల్లగ ఉంచాలె. నాయినమ్మ దాలి చేసిందీ ఆ పనే, కాకుంటే దినమంతా పట్టేది.

1970లో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలైనంక మెల్లమెల్లగ పాలంటే పైసలైనయి. నల్లగొండ-రంగారెడ్డి పాల రైతుల సంఘం నార్ముల్, మదర్ డెయిరీ పేరుతోని హైదరాబాదుల పాలమ్ముతది. వెన్నశాతం చూసి ధర కడితే బర్రెపాలదే పైచెయ్యి. మా అమ్మ ఊరి పాల కేంద్రంల పాలు పోసి తెచ్చుకున్న మొదటి బిల్లు పైసలు కొంగుకు ముడేసి, మూడు దినాలు విప్పలే.