సన్నగొట్టపు మార్టినీ

1881 మొదలు 1885 వరకు చెన్నపట్టణపు సైన్యమునకు సర్వసేనానిగా నుండిన సర్ ఫ్రెడరిక్ రాబర్ట్సు, తన చేతిక్రింది సిపాయీలను కొన్నియేండ్లు పరికించిన పిమ్మట, దక్షిణదేశపువారు నిజమైన యుద్ధమునకు అక్కరకు రారని నిశ్చయించుకొనెను. కర్ణాటక యుద్ధములనుండి శ్రీరంగపట్టణపు ముట్టడి వరకు కుంపిణీవారి జెండాను మోసిన పటాలములలో మనవారెందరు నేలకొరగిరో ఆయన యెరుగనివాడు కాడు. అయినను దీర్ఘశాంతిచేత వారి శౌర్యము కరగిపోయినదని ఆయన తలచెను. పిదప యావద్భారత సేనానియై ఆయన నెలకొల్పిన మార్గముననే తెలుగువాని సిపాయి కొలువు నానాటికి క్షీణించినది. ఈ తీర్పు చెప్పిన పురుషుడే, ఇరువదియేండ్లు తిరుగకమునుపే, తన స్వజాతి గుమాస్తాలకును మిల్లు కూలీలకును తుపాకి పట్టుట నేర్పుడని ఊరూర చాటవలసి వచ్చుట చరిత్రలోని చమత్కారములలో నొకటి. నేను చెప్పబోవు సన్నగొట్టపు గురితుపాకి ఆ చాటింపునుండి పుట్టినది.

1899 డిసెంబరులో దక్షిణాఫ్రికాయందు ఆంగ్లసేన స్టార్మ్‌బర్గు, మాగర్స్‌ఫాంటెయిన్, కొలెన్సో అను మూడు స్థలములలో వారము తిరుగక ముందే మూడు పరాజయములు పొందినది. ఆ వారమునకు వారు నల్లవారమని పేరిడిరి. ఎదిరిపక్షమున నిలిచిన బోయరులు జీతపు సైనికులు కారు. చిన్ననాటినుండి వేటకు అలవాటుపడి, కొండచరియల మాటున కూర్చుండి, ఒక్క తూటాను వ్యర్థము కానీయని కాపులు. కొలెన్సో పోరులో రాబర్ట్సుగారికి మిగిలియుండిన యేకైక పుత్రుడు గాయపడి మరణించెను. ఆ వార్తయు, దక్షిణాఫ్రికా సేనాధిపత్యము వహింపుమను ఆజ్ఞయు ఆ తండ్రికి ఇంచుమించుగా నొక్కసారియే అందినవి. అప్పటికాయన వయస్సు అరువదియేడేండ్లు. యుద్ధము గడిపి మరలివచ్చినపిమ్మట ఆయన నోట వెడలిన మాట యొక్కటే: దేశములోని సామాన్యుడు గురి నేర్వవలెను.

అయితే ఎక్కడ నేర్చుట? సైనికుల రైఫిలు గుండు మైలుకు మించి పోవును. దానికి విశాలమైన బయలు, వెనుక మట్టికట్ట, ఖరీదైన తూటాలు కావలెను. వింబుల్డనులో 1860లో విక్టోరియా రాణి తొలిగుండు ప్రేల్చి ప్రారంభించిన జాతీయ రైఫిలు సంఘపు పోటీలును, 1890లో అవి తరలివెళ్లిన బిస్లీ మైదానమును, తీరికయు ధనమును గలవారి యాటపట్టులు. వారమునకు ఆరు దినములు కార్ఖానాలో పనిచేయువానికి బిస్లీ యెంత దూరమో మనకు సిమ్లా అంత దూరము. అందుచేత 1901లో శ్రామికుల రైఫిలు క్లబ్బుల సంఘము వెలసి, 1903లో మరియొక సంఘముతో కలిసి మినియేచరు రైఫిలు క్లబ్బుల సంఘమైనది. 1947లో అదియే జాతీయ స్మాల్‌బోరు రైఫిలు సంఘమను పేరు దాల్చి నేటికిని నడచుచున్నది. బిస్లీలోని దాని ప్రధానభవనమునకు రాబర్ట్సు ప్రభువు పేరే పెట్టిరి. 2002 కామన్వెల్తు క్రీడలకై కట్టిన ఆ భవనము గల బిస్లీలోనే ఆ యేట మనదేశపు వనిత అంజలీ భాగవత్ నాలుగు స్వర్ణపతకములు గెలుచుకొనినది. ఏ జాతి శూరమో ఏది కాదో యెంచి చెప్పిన పెద్దమనిషి పేరిటి చావడికి ఇంతకన్న తగిన వాస్తుపూజ వేరొకటి నాకు తోచదు.

బయలు లేని కొరతను తీర్చినది చిన్న తూటా. దాని వంశవృక్షము పారిసు నగరమున మొదలగును. 1845 ప్రాంతమున ఫ్లోబేరు అను తుపాకుల పనివాడు, రంజకపు టోపీ కొసను ఒక చిన్న సీసపు గుండు నమర్చి, మందు లేకయే, ఆ రంజకపు బలము చేతనే గుండు వెడలునట్లు చేసెను; ధనికులు భోజనానంతరము తమ హాలులోనే గురి కొట్టుకొనుటకు అది వినోదమైనది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు దానిని పొడిగించి కొద్దిపాటి మందు చేర్చిరి. 1887లో స్టీవెన్సు కంపెనీవారు పూర్తిచేసిన రూపమే నేటికిని లోకమంతట చెల్లుచున్న పాయింట్ ఇరువదిరెండు లాంగ్ రైఫిలు తూటా. గుండు బరువు నలువది గ్రెయినులు, అనగా మన తూనికలో రెండున్నర గ్రాములకు కొంచెము పైమాట. గొట్టపు రంధ్రము అంగుళములో నాలుగవ వంతుకన్న సన్నము. మ్రోత స్వల్పము, తన్ను లేదన్నంత తక్కువ, ఖరీదు కొద్ది. ఇరువదియైదు గజముల చావడి చాలును. గుండును ఆపుటకు ఒక మందపు ఇనుపపలక చాలును. చర్చి హాలు, సారాయి దుకాణపు వెనుకవసారా, కవాతు చావడి, మిల్లు గోదాము, ఇవన్నియు రాత్రివేళల దీపకాంతిలో గురిశాలలైనవి. అంతకుముందే మోరిస్ అను నాతడు పెద్ద తుపాకి గొట్టములోనికి సన్నని గొట్టము దూర్చి గదిలో సాధన చేయించు ఉపాయము కనిపెట్టియుండెను గాని, క్లబ్బులవారికి కావలసినది అరువు గొట్టము కాదు, తమదైన తుపాకి.

ఆ తుపాకికి శరీరమిచ్చినది మార్టినీ యంత్రము. పీబడీ అను అమెరికనుడు 1862లో పేటెంటు పొందిన దానిని స్విట్జర్లండులోని ఫ్రీడ్రిక్ ఫాన్ మార్టినీ సంస్కరించెను. ఎడింబరో నగరపు హెన్రీ గొట్టముతో జతగూర్చి 1871లో ఆంగ్లసేన దానిని స్వీకరించినది. చేతివ్రేళ్లకు అందుబాటులో తుపాకి క్రింద నొక మీట యుండును. దానిని క్రిందికి త్రోసినంతనే, వెనుకతట్టున కీలు గల ఇనుపదిమ్మ తన ముందుకొసను వంచి, చొరబడుటకు దారియిచ్చు ద్వారపాలకునివలె, గొట్టపు నోరు కనబరచును. తూటా నొకదానిని నెట్టి మీటను పైకెత్తినచో దిమ్మ యథాస్థానమునకు వచ్చి నోరు మూయును. లోపలి సూది అప్పటికే బిగిసియుండును. ఈ సూది ప్రయాణించు దూరము మిక్కిలి తక్కువ. ట్రిగ్గరు విడిచిన క్షణమునకును రంజకము ప్రేలిన క్షణమునకును నడుమ విరామము తగ్గినకొలది, ఆ నడుమ చేయి వణకుటకు అవకాశము తగ్గును. యుద్ధమునకై పుట్టిన యంత్రము గురికారునికి ప్రియమగుటకు ఈ యొక్క గుణమే కారణమని నా యభిప్రాయము; యుద్ధభూమిలో దీనిని లెక్కించిన సైనికుడుండడు. బెల్జియమునందలి లియేజ్ నగరపు ఫ్రాంకాట్ మరియొక మేలు చేసెను: ఒక్క చీల నూడదీసినచో ట్రిగ్గరు కమ్మితో సహా సర్వయంత్రమును ఒక్క ముద్దగా చేతిలోనికి వచ్చునట్లు కూర్చెను.

బర్మింగ్‌హామునందు 1861లో కూడిన తుపాకి పనివారి సంఘమే బీ.ఎస్.ఏ. కంపెనీ. ఫ్రాంకాట్ కూర్పు గల చిన్న మార్టినీని వీరును, గ్రీనరు కంపెనీవారును 1910 ప్రాంతమున ఆస్ట్రేలియా బాలసైనికులకై వేలకొలది చేసి పంపిరి. ఆ తుపాకుల యంత్రపు పెట్టెమీద కంగారూ బొమ్మ ముద్రించియుండును. కాలము చెల్లినపిమ్మట వానిలో ననేకము పాత గొట్టము తీసివేయబడి సన్నగొట్టము తొడుగుకొని క్లబ్బులకు చేరినవి. కంగారూ ముద్ర కనబడగానే సేకర్త కన్ను మెరయును. గురికొరకే పుట్టినవి వేరు: పన్నెండవ నమూనా, ఇరువదితొమ్మిది అంగుళముల గొట్టముతో, వెనుక చిల్లుసైటుతో, ఒక తరము క్లబ్బువారి చేతులలో పండినది. 1950లో వచ్చిన ఇంటర్నేషనలు నమూనా ఆ వంశపు చివరి మహారాజు. ఈ రెంటి నడుమ, 1940 నవంబరు 19 రాత్రి స్మాల్ హీత్‌లోని కార్ఖానామీద జర్మను బాంబులు పడి ఏబదిముగ్గురు పనివారు మరణించిరి.

పోటీల చరిత్రలో నేను మరువలేని పేరు ఫిలిప్ ప్లేటరు. 1908 లండను ఒలింపిక్సులో ఏబది గజములందు నలువది, నూరు గజములందు నలువది గుండ్లు కొట్టి నాలుగువందలకు 391 తెచ్చుకొని అతడు అందరిని మించెను. తీరా చూడగా, దేశమునకు పండ్రెండుగురు మాత్రమే యని నియమముండ ఇతడు పదమూడవవాడని తేలినది. ఒక దరఖాస్తు కనబడలేదని ఇతనిని పిలిచిరి. ఆ దరఖాస్తు పిదప దొరికినది. అతని గుండ్లు లెక్కకు రాలేదు, స్వర్ణపతకము 387 తెచ్చుకొనిన కార్నెలుకు దక్కినది. కాగితములు పోగొట్టు విద్యలో మన కచేరీలే ఆరితేరినవని గర్వించువారు ఈ కథను గమనింతురు గాక. మరుసటియేడు సారాయి వర్తకుడు థామస్ డ్యూవరు పేరిట వెలసిన పోటీ మరింత విచిత్రము: బ్రిటను, అమెరికాల జట్లు ఒకరి మొగ మొకరు చూడక, ఎవరి దేశమున వారు సాక్షుల యెదుట కాల్చి, లెక్కలు మాత్రము పంపుకొందురు. సముద్రమున కటునిటు పరువు తప్ప మరి కాపలా లేని ఆ పోటీ నేటికిని సాగుచున్నది. అమెరికనుల తరఫున 1919లో వించెస్టరు ఏబదిరెండవ నమూనా రంగమునకు దిగి, బోల్టుతుపాకి మార్టినీకి దీటు వచ్చునని చూపినది; 1980 వరకు దాని తయారీ ఆగలేదు. పిదప జర్మనుల అన్షుట్జు వచ్చి ఇరుపక్షములను వెనుకకు నెట్టినది. ఆ కథ యిక్కడ వలదు.

ఈ వెలుగునకు మన తీరమున ఎంత చీకటి యుండెనో ఒక మాట చెప్పవలెను. బర్మింగ్‌హాము గుమాస్తా సాయంసమయమున చావడిలో గుండ్లు కొట్టుచున్న ఆ దినములలోనే, 1878 నాటి ఆయుధచట్టము ప్రకారము రాజమహేంద్రవరపు గుమాస్తా లైసెన్సు లేక తుపాకి తాకినచో నేరము. తెల్లవానికి ఆ నిర్బంధము లేదు. కావున మనయందు గురితుపాకి జమీందారు బంగళాలలో వేటసామగ్రిగా నుండెనే గాని వీథిచావడికి దిగలేదు. హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ 2014 కామన్వెల్తు క్రీడలలో బోరగిల పడుకొని కొట్టు సన్నగొట్టపు పోటీలో రజతము తెచ్చునాటికి, ఆ చావడి వంశమునకు నూరేండ్లు దాటినవి.

పాత మార్టినీని కొనదలచినవాడు మొదట పైమెరుగు చూడడు, గొట్టములోనికి చూచును. 1920ల చివరివరకు రంజకములో పొటాసియము క్లోరేటు ఉండెడిది. కాల్చినపిమ్మట అది ఉప్పుగా మిగిలి గాలిలోని తేమ పీల్చుకొని, రాత్రి తుడవక విడిచినవాని గొట్టమును ఉక్కుచీమలవలె తొలిచెడిది. పిదప రెమింగ్టనువారు తుప్పుపట్టింపని తూటాలు తేగా ఆ బాధ తగ్గినది. అంతకుముందు తొలిచిన గొట్టములకు బర్మింగ్‌హాములోని పార్కరు సంస్థవారు, లోపల వెడల్పు చేసి క్రొత్త సన్నగొట్టము దూర్చి ప్రాణము పోసిరి. పార్కరిఫ్లింగు అను ఆ పేరు గొట్టముమీద కనబడినచో కొందరు సేకర్తలు ముఖము చిట్లింతురు. నాకది అన్యాయమనిపించును; ఒకడు తన తుపాకిని పారవేయక వైద్యము చేయించెనని దాని యర్థము గదా!

వీనిని అద్దపు బీరువాలో నుంచువారు కలరు, కాల్చువారును కలరు. కాల్చువాడు వేగపు తూటా వేయక, ధ్వనివేగమునకు లోపుగా పోవు నెమ్మది తూటానే యెన్నుకొనును. ధ్వనివేగమును దాటిన గుండు మరల దానికి దిగునప్పుడు తడబడునేమో యను శంక. నేలమీద చాప, మోచేతికి తోలుపటకా, పది చిన్న చక్రములు ముద్రించిన అట్ట ఎదుట. చక్రమునకొక గుండు, మీట క్రిందికి, తూటా లోనికి, మీట పైకి. పదవ గుండు వెడలిన తరువాత కర్రకు గుడ్డ చుట్టి, చీలతీసి దిమ్మను ప్రక్కన నుంచి, గొట్టమును వెనుకనుండి తుడుచును. మొదటి గుడ్డ నల్లగా వచ్చును, రెండవది బూడిదరంగున వచ్చును, మూడవదానిని దీపమున కెదురుగా పట్టి చూచి, ఇంకొకటి చింపును.