అఖండదీపమును శీతనిక్షేపమును



దశరథుడు స్వర్గస్థుడైనపుడు, కేకయదేశమునుండి భరతుడు వచ్చువఱకు నాతని దేహమును తైలద్రోణియందుంచిరని రామాయణము చెప్పుచున్నది. అది కొలది దినముల నిరీక్షణము. రావలసినవాడెవ్వడో యెల్లరకును దెలియును. మన కాలమున అమెరికాలో కొందఱు, ఎన్నడు పుట్టునో తెలియని వైద్యునికొఱకు మృతదేహములను భద్రపఱచుచున్నారు. అతడు వానిని బ్రదికించునని వారి యాశ. ఇంతవఱకు నొక్కడును లేచి కూర్చుండలేదు. ఆ యాశ తథ్యమో మిథ్యయో నేను నిర్ణయింపను. దాని వ్యయచరిత్రమును మాత్రము విన్నవించెదను.

సాధనము మీ రెఱుగనిది కాదు. పశువైద్యశాలలో ఆబోతుల వీర్యమును నిలువయుంచు డబ్బాను చూచియుందురు. అందుండునది ద్రవనత్రజని, దాని శైత్యము సున్నకు దిగువ 196 డిగ్రీలు. ఆ పాత్రకు రెండు గోడలు. నడుమ గాలి తీసివేయుదురు. విద్యుచ్ఛక్తి యక్కఱలేదు. కాని నత్రజని నిత్యము కొంత యావిరియగును, మరల పోయుచుండవలయును. నూఱేండ్లయినను, ఇన్నూఱేండ్లయినను పోయుచునే యుండవలయును. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

1967 జనవరి 12వ తేదీన కాలిఫోర్నియాలో మరణించిన జేమ్స్ బెడ్‌ఫర్డ్ అను ఆచార్యుని దేహము ఇట్లు మొట్టమొదట భద్రపఱుపబడెను. కుటుంబమువారు చాలకాలము వ్యయమునకోర్చి కాపాడిరి. నేడది ఆరిజోనాలో నున్నది. కాలిఫోర్నియాలోనే చాట్స్‌వర్త్ శ్మశానమందలి నేలమాళిగలో నుంచిన తొమ్మిది దేహముల గతి వేఱు. బంధువులనుండి సొమ్ము రాక నిలిచెను. నత్రజని పోయుట మానిరి. 1979లో సంగతి బయటపడునప్పటికి దేహములు శిథిలమైపోయెను. నెలనెలా వచ్చు సొమ్ముపై నాధారపడిన కార్యము, ఇచ్చువాడు మానిననాడే ముగియును.

కావున నేటి సంస్థలు మొత్తమును ముందుగనే పుచ్చుకొనును. మిచిగన్‌లో 1976లో నెలకొన్న క్రయానిక్స్ ఇన్‌స్టిట్యూటు కనీసము 28,000 డాలర్లు కోరును. 1972లో పుట్టిన ఆల్కోరు సంస్థ పూర్ణదేహమునకు 2,00,000 డాలర్లకు తక్కువ కోరదు. పలువురు జీవితబీమా మూలమున చెల్లింతురు. అందు కొంత నిధిగా నిలిపి, దాని వృద్ధితో నత్రజని కొందురు.

ఈ యుపాయము మనకు క్రొత్తదా? మా కొత్తవలసకు చేరువనున్న సింహాచలమునను, శ్రీముఖలింగమునను గోడలపై అఖండదీపదానశాసనము లున్నవి. దాత తైలమిచ్చి యూరకుండలేదు. తైలమును పుట్టించు మూలధనము నిచ్చెను. భూమినో, పశువులనో, భాండారమున మాడలనో సమర్పించెను. తంజావూరు పెద్దగుడిలో నొక్క దీపమునకు 96 గొఱ్ఱెలు. అట్టి గొఱ్ఱెలను తమిళశాసనములు చావనివి, ముదియనివి యని వర్ణించును. చచ్చినదాని చోట పిల్ల చేరును గాన మంద తఱుగదు. కాపరి నేయి కొలువక తప్పదు.

అయినను ఆ దీపములలో నెన్నియో ఆరిపోయినవి. రాజ్యములు మాఱెను, భూములు చేతులు మాఱెను. చంద్రార్కముగా నని చెక్కిన రాయి నిలిచినది గాని, నేయి పోయు చేయి నిలువలేదు. నిధి చాలదు, నిధిని కాచువాడు కావలయును, వానిని లెక్క యడుగువాడును కావలయును.

పెద్దలారా, శీతనిక్షేపముతో మనకు పని లేకపోవచ్చును. కాని చెఱువుగట్టునకో, సత్రమునకో, గ్రంథాలయమునకో శాశ్వతమని పేరుపెట్టి నిధి కూర్చునపుడు, మన మనుమల కాలమున లెక్క యడుగువాడెవ్వడో ముందు వ్రాసియుంచుడు. శిలాఫలకము తరువాత చెక్కింపవచ్చును.