కాఫీ గింజకు ఊరిపేరు

మా గోదావరిఖని చాయ్ ఊరు. మొదటి షిఫ్టుకు పోయేవారైనా, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవారైనా ముందుగా ఆగేది చాయ్ బండి దగ్గరనే. కాఫీ మా వైపు చాలాకాలం చుట్టపుచూపుగానే ఉండిపోయింది. కోస్తా జిల్లాలనుండి ఉద్యోగరీత్యా వచ్చిన కుటుంబాలవారు మాత్రం ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దించుకొనేవారు. నేను మొదటిసారి కాఫీ త్రాగినది అటువంటి సహోపాధ్యాయుడొకరి ఇంటనే. అదీ పాలు, చక్కెర దండిగా వేసిన కాఫీ. గింజ రుచి ఏమిటో నాకు అరువది దాటినదాకా తెలియదు.

దక్షిణ కొరియాలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వశిష్యుడొకడు మొన్న సెలవులకు వచ్చి మూడు చిన్న పొట్లాలు నా చేతిలో పెట్టినాడు. సియోలు నగరంలో ఒక చిన్న దుకాణంవారు తామే వేయించి అమ్మే గింజలట. "సార్, పాలు పోయకుండ, చక్కెర వేయకుండ తాగి ఎట్లున్నదో చెప్పండి" అన్నాడు. త్రాగడానికి ముందే పొట్లాలు నన్ను ఆశ్చర్యపరచినవి. దేశం పేరు, ఊరి పేరు, తోట ఎంత ఎత్తున ఉన్నది, పండు గుజ్జును కడిగి ఎండబెట్టినారా లేక పండుతోనే ఎండబెట్టినారా, ఏ తేదీన వేయించినారు - ఇవన్నీ దానిమీద అచ్చువేసి ఉన్నవి. వంశవృక్షం వ్రాసినట్లున్నదనిపించింది.

కాఫీ పంటకు కొరియా పేరుపడిన దేశం కాదు. 1896లో రష్యా రాయబార కార్యాలయంలో తలదాచుకొన్న గోజోంగ్ రాజు అక్కడ కాఫీకి అలవాటుపడినాడని ఆ దేశంలో ప్రసిద్ధి. కాఫీపొడి, పాలపొడి, చక్కెర కలిపిన పొట్లాలు అక్కడ 1976లో వెలువడి ఇంటింటికీ చేరినవి. 1999లో అమెరికా వారి స్టార్‌బక్స్ అక్కడ తొలి దుకాణం తెరచింది. ఆ తరువాతి కాలంలోనే గింజను ఏరి, తెప్పించి, కొద్దికొద్దిగా వేయించి అమ్మే చిన్న దుకాణాలు పెరిగినవి. తాము పండించని గింజకు వారు ఊరిపేరు పదిలంగా నిలుపుకొన్నారు.

ఈ కాఫీని రుచిచూడడానికి ఒక విధి ఉన్నది. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి లెక్క. పొడి కాస్త బరకగా ఉండాలి. మొదట పొడి వాసన చూడాలి. పిమ్మట 93 డిగ్రీల వేడినీరు పోసి నాలుగు నిమిషాలు కదపక ఉంచాలి. పైన తెట్టు కడుతుంది. దానిని చెంచాతో విరిచి, ముక్కు దగ్గర పెట్టి, అప్పుడు లేచే పరిమళాన్ని పట్టుకోవాలి. తెట్టు తీసివేసి, కొంచెం చల్లారినాక చెంచాతో తీసికొని చప్పుడయ్యేటట్లు జుర్రాలి. జుర్రితే గాలితో కలిసి నాలుక అంతటా పరచుకొంటుందట. భోజనాల వద్ద జుర్రవద్దని జీవితమంతా పిల్లలకు చెప్పినవాణ్ణి, మనుమని ఎదుట జుర్రవలసి వచ్చింది. వాడు సెల్‌ఫోనులో నిమిషాలు లెక్కపెట్టుతూ పడిపడి నవ్వినాడు. నిపుణులు ఈ పద్ధతిలోనే నూటికి మార్కులు వేస్తారు. 80 వస్తేనే అది స్పెషాల్టీ కాఫీ.

నాకు మార్కులు వేయడం తెలుసును గాని ఈ పరీక్ష కొత్త. అందుచేత మన షడ్రుచులనే ఆశ్రయించినాను. మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం. ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటున్నది. సంస్కృతంలో కటువంటే కారం, తిక్తమంటే చేదు. కషాయమంటే వగరు. కాఫీ అంటే తిక్తమొక్కటే అనుకొని వచ్చిన నాకు ఇథియోపియా గింజలో మొదట తగిలినది ఆమ్లం. నిమ్మతొన వంటి పులుపు, దాని వెనుక మల్లెపూల వాసన. రెండవ పొట్లంలో తీపు మిన్న. మూడవది నాకు అంతుపట్టలేదు. కాఫీ అన్న పేరే అరబ్బీ 'ఖహ్వా' నుండి తుర్కీ 'కహ్వె'గా మారి, ఐరోపా భాషలు తిరిగి మనదాకా వచ్చింది. ఇంత దూరం నడిచిన పేరున్న గింజకు ఇన్ని రుచులుండడంలో వింతలేదు.

అప్పుడు గుర్తుకు వచ్చింది, విశాఖపట్నం వెళ్ళినప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొన్న అరకు కాఫీ ఇంట్లో ఉన్నదని. చికోరీ కలపనిది. దానినీ అదే విధిగా కలిపి వరుసలో నాలుగవదిగా పెట్టినాను. పులుపు తక్కువ, బెల్లపు పాకం వంటి తీపు, చివర కొంచెం వగరు. పక్షపాతమనుకోకండి, నాలుగింటిలో రెండవసారి త్రాగబుద్ధి వేసినది అదే.

ఈ గింజ మన్యానికి చేరిన కథ చెప్పుకోదగినది. హజ్ యాత్రనుండి వస్తూ బాబా బూదన్ అనే సూఫీ యెమెన్ దేశపు మోకా రేవునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటినాడని పదునేడవ శతాబ్దపు ఐతిహ్యం. మన తూర్పు కనుమలలో కాఫీ మొదట నాటినది 1898లో, తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో. అక్కడనుండి గూడెం కొండలకు, 1920ల నాటికి అరకు, పాడేరు ప్రాంతాలకు ప్రాకింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో మన్యం పోరాటాన్ని ఆరంభించినాడు. పోడు కొట్టుకోనీయని అడవి చట్టాలు, రోడ్డు పనులలో వెట్టిచాకిరి ఆ తిరుగుబాటుకు ముఖ్యకారణాలు. నాడు అడవిలోనికి రానీయని మనుషులే తరువాత ఆ కొండలలో కాఫీ రైతులైనారు. అయితే అది నెమ్మదిగా జరిగింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అటవీశాఖ రిజర్వు అడవులలో కాఫీ నాటించింది. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పోడుకు మారుగా ఒక్కొక్క కుటుంబానికి ఎకరమో రెండెకరాలో తోట వేయించింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినాక అటువంటి భూములలో కొన్నింటికి పట్టాలు దక్కినవి. కాఫీకి నీడ కావాలి. అందుకని సిల్వర్ ఓక్ చెట్లు పెంచినారు. వాటిపైకి మిరియాల తీగ పాకించినారు. ఒకే నేలలో రెండు పంటలు, పైన అడవి వంటి నీడ.

తరువాతి మాట మీకు తెలిసే ఉంటుంది. నాంది ఫౌండేషన్ రైతులను సహకార సంఘంగా కూర్చి, 2017లో పారిస్ నగరంలో అరకు పేరిట దుకాణం తెరచింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి పేరే పెట్టినారు. 2025లో తోటలలో కాయతొలుచు పురుగు కనిపించి రైతులను కలవరపెట్టింది.

బొగ్గుగనుల పట్టణంలో ఉన్న నాకు ఈ కథలో మరొక పొర కనబడుతున్నది. కాఫీ కొండలు గనుల కొండలు కూడా. అరకు మీదుగా పోయే రైలుమార్గం 1960లలో వేసినది కాఫీ కొరకు కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి. బొర్రా చుట్టుపట్ల, అనంతగిరి మండలంలో గనుల లీజులపై 'సమత' సంస్థ వేసిన వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూలు ప్రాంతపు భూమిని ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకీయరాదని. 2015 నవంబరులో బాక్సైటు తవ్వకాలకై వెలువడిన 97వ నంబరు ఉత్తర్వును కొండలలో ఆందోళన తరువాత 2019లో ప్రభుత్వం రద్దుచేసింది. బాక్సైటు ఉన్నది కొండ తలమీద. కాఫీ బ్రతికేది ఆ కొండ ఒడిలోని నీడలో, ఊటనీటితో. తల తీసి ఒడిని నిలుపలేము.

గనిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించకపోతే సింగరేణి లేదు, నా బడి లేదు, నా జీతమూ లేదు. కాని బొగ్గుకూ కాఫీకీ ఒక భేదమున్నది. బొగ్గుకు కూడా గ్రేడులున్నవి. 2012నుండి వేడివిలువనుబట్టి పదునేడు గ్రేడులు. అయితే వ్యాగనులో పోయే బొగ్గుమీద తవ్వినవాని పేరు ఉండదు, కాలితే బూడిద మిగులుతుంది. కాఫీ మాత్రం కొండను కొండగా ఉంచితేనే మరుసటేడు పూస్తుంది. దానికి ఊరిపేరు పెట్టడమంటే ఆ కొండ అక్కడ ఉండవలెనని చెప్పడమే. కొరియా పొట్లం నాకు నేర్పినది ఇది. మన పొట్లంమీద 'అరకు' అన్న మాట ఉన్నది. సంతోషం. దాని క్రింద పెంచిన ఊరిపేరు కూడా అన్ని దుకాణాలలోనూ కనబడే రోజు రావాలి.

మిగిలిన అరకు కాఫీని ప్రక్కింటి విశ్రాంత గని కార్మికునికి ఇచ్చినాను. ఒక గుక్క త్రాగి ముఖం చిట్లించి, "గిది కషాయమున్నట్టుంది సార్" అన్నాడు. శాస్త్రప్రకారం అతడు చెప్పినది నిజమే, చివరనున్నది కషాయ రసమే. గ్లాసు దించకుండా కొండలెక్కడ, ఎవరు పండిస్తారు అని అడిగినాడు. చెప్పినాను. బాక్సైటు సంగతీ చెప్పినాను.

"మరి అక్కడ బాయి తవ్వలేదా?"

"ఇప్పటికి ఆగింది."

"ఆగనియ్యి సార్. బాయి పడ్డకాడ గుట్ట మల్ల మొలవది" అని, మిగిలినది చక్కెర అడగకుండా త్రాగి గ్లాసు కడిగి ఇచ్చినాడు.