షెల్ స్క్రిప్టు పుట్టు పూర్వములు

మాకవరపాలెములోని ఒక వర్తకుడు తన లెక్కల నకలును ప్రతిరాత్రి "క్లౌడు"లో దాచుకొనుచున్నాడనుకొందము. పేరు మేఘమే గాని, ఆ నకలు ఆకాశమున నుండదు. ఎక్కడనో యొక పెద్ద భవనములో డిస్కులమీద నుండును. అమెజాన్ సంస్థ ఎస్3 అను ఇట్టి నిల్వను 2006 మార్చిలో ప్రారంభించెను. 2022 నవంబరులో హైదరాబాదులోను తన కేంద్రములను తెరచెను.

గోదాములో సరకు వేసి చీటి పుచ్చుకొనినట్లే, అచట ప్రతి వస్తువునకు ఒక పేరుండును. ఆ పేరు చెప్పినచో వస్తువు చేతికి వచ్చును. కాని వర్తకుని కంప్యూటరు ఎరిగినది ఫైళ్లు, డైరెక్టరీలు మాత్రమే. కనుక నడుమ నొక దుబాసీ కావలెను. అదియే డ్రైవరు. ఏ నిల్వకు పోవలెను, తాళపుచెవి ఏది, ఏ డైరెక్టరీలో చూపవలెను అను సంగతులు దానికి ముందుగా చెప్పవలెను. ఒక కంప్యూటరైనచో చేతితో టైపు చేయవచ్చును. నూరైనచో?

ఈ చిక్కు క్లౌడుకన్న చాల పాతది. 1963-64లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో లూయీ పూజాన్ అను ఫ్రెంచి ఇంజనీరు, ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసియుంచినచో యంత్రమే చదివి నడుపుకొనునట్లు "రన్‌కామ్" అను ప్రోగ్రామును వ్రాసెను. నేటికిని లినక్సులో కొన్ని అమరిక ఫైళ్ల పేర్ల చివర కనబడు "ఆర్‌సి" అను అక్షరములు దాని గురుతులే. "షెల్" అను పేరును పెట్టినదియు ఆయనయే. 1971లో కెన్ థాంప్సన్ యునిక్సునకు షెల్లును సమకూర్చెను. 1979లో వెలువడిన స్టీఫెన్ బోర్న్ షెల్లుతో స్క్రిప్టు నిజముగా ఒక భాష అయ్యెను. 1989లో బ్రయన్ ఫాక్స్ వ్రాసిన బాష్ దాని వారసుడే.

ఇందు ముఖ్యమైన దొకటి కలదు. ప్రతి ఆజ్ఞయు ముగియగనే ఒక అంకెను తిరిగి యిచ్చును: సున్న యైనచో జయము, మరేదైనను అపజయము. స్క్రిప్టు ఆ అంకెను చూడనిచో ఏమగును? మన వర్తకుని డ్రైవరు ఒక రాత్రి నిల్వను తగిలింపలేకపోయెననుకొనుడు. డైరెక్టరీ మాత్రము ఉండనే యుండును, ఖాళీగా. స్క్రిప్టు యథాప్రకారము లెక్కలను అందు పోయును. అవి క్లౌడునకు పోక, ఇంటి డిస్కులోనే పడియుండును. ఆ డిస్కు చెడిన నాడు గాని ఈ సంగతి బయటపడదు. అపజయము కాగానే ఆగుమని చెప్పు "సెట్ -ఇ" అను ఏర్పాటు బోర్న్ షెల్లునందే కలదు. అంత చిన్న పంక్తిని నేటికిని పలువురు వ్రాయరు!

నిల్వను నడుపువారికిని ఈ బెడద తప్పలేదు. 2017 ఫిబ్రవరి 28న ఉత్తర వర్జీనియాలోని ఎస్3 కేంద్రమున, కొన్ని సర్వర్లను మాత్రమే తొలగింపదలచి ఇచ్చిన ఆజ్ఞలో ఒక వివరము తప్పు పడెను. అనుకొన్న దానికన్న చాల ఎక్కువ సర్వర్లు తొలగిపోయెను. నాలుగు గంటలకు పైగా అచటి నిల్వ స్తంభించెను. దానిపై నాధారపడిన ఎన్నో వెబ్‌సైట్లును నిలిచిపోయెను. పిమ్మట అమెజాన్ వారు ఆ పనిముట్టును మార్చిరి: సర్వర్లను మెల్లగా మాత్రమే తొలగించును, కనీస సంఖ్యకు దిగువకు పోవు ఆజ్ఞను నిరాకరించును.